చెవిటి బిడ్డల స్నేహితుడు గాలొడెట్ గారు

ధ్యాన భాగములు: మార్కు 7:31-37, లూకా 1:57-66



మార్కు సువార్త 7వ అధ్యాయములో, దెకపొలి ప్రాంతమున మన ప్రభువు బాగుచేసిన ఒక చెవిటివాని సంగతి మీరెరుగుదురు. వాడు తనంతట తాను రాలేదు. వినలేని వానికి యేసు ఆ దారిన వచ్చుచున్నాడని ఎవరు చెప్పుదురు? కొందరు వానిని తోడుకొనివచ్చి ప్రభువును వేడుకొనిరి. వారి పేర్లయినను మనకు తెలియవు. ప్రభువు వానిని జనములోనుండి ప్రక్కకు తీసికొనిపోయి, చెవులలో వ్రేళ్లు పెట్టి, నాలుక ముట్టి, ఆకాశమువైపు చూచి నిట్టూర్చెను. ఈ భాగముమీద ప్రసంగించు మాబోటి బోధకులలో అనేకులు చివరి మాటకే పరుగెత్తుదురు. వినలేని వానికి నోటిమాట చేరదు గదా. అందుచేత ప్రభువు మొదట చేతులతోను ముఖముతోను వానితో మాటలాడెను. నీ చెవి సంగతి నాకు తెలియును, నీ నాలుక సంగతి తెలియును, సహాయము పైనుండి వచ్చుచున్నది అని వానికి అర్థమగు భాషలో మొదట తెలిపి, ఆ తరువాతనే నోరు తెరచెను.

ఈ నెల నేను మీకు చెప్పదలచిన జీవితము అమెరికా దేశములో ఇట్టి పని చేసిన ఒక బోధకునిది. ఆయన పేరు థామస్ హాప్కిన్స్ గాలొడెట్. చెవిటివారి లోకములో ఆ పేరు తెలియనివారు అరుదు. వాషింగ్టన్ నగరములో చెవిటి విద్యార్థుల విశ్వవిద్యాలయము నేటికిని ఆయన పేరుననే నడచుచున్నది. ఆయన వైద్యుడు కాడు, యంత్రములు కనిపెట్టినవాడు కాడు. మనవంటి ఒక సెమినరీ విద్యార్థి; అందులోను సగము రోగి.

1787 డిసెంబరు 10వ తేదీన ఫిలడెల్ఫియా పట్టణమున ఆయన జన్మించెను. పండ్రెండు పదమూడేండ్ల వయసులో ఉండగా కుటుంబము కనెక్టికట్ రాష్ట్రములోని హార్ట్‌ఫర్డ్ పట్టణమునకు వచ్చి స్థిరపడెను. పొట్టివాడు, బలహీనుడు, గాని చదువులో చురుకు. యేల్ కళాశాలలో చదివి 1805లో పదిహేడేండ్లకే పట్టభద్రుడాయెను. తరువాత ఏమి చేయవలెనో ఆయనకు చాల కాలము తోచలేదు. కొంత కాలము న్యాయశాస్త్రము చదివెను. కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. వర్తకపు సరుకుతో ఊరూరు తిరిగెను. ఏదియు నిలువలేదు. కడకు ఆండోవర్ దైవశాస్త్ర పాఠశాలలో చేరి 1814లో దాని ముగించెను. సంఘములు పిలిచినను, దేహములో సత్తువ లేనందున కాపరి పని ఒప్పుకొనుటకు వెనుదీసి ఇంటికి వచ్చెను. మన ఊళ్లలో అయితే ఇరువదియారేండ్ల కొడుకు అట్లు ఇంట కూర్చుండిన యెడల ఇరుగుపొరుగు వారు ఊరకుందురా?

ప్రక్క యింటిలో మేసన్ కాగ్స్‌వెల్ అను పేరుగల శస్త్రవైద్యుడొకడు కాపురముండెను. ఆయన కుమార్తె ఆలిస్ రెండేండ్ల పిల్లగా ఉన్నప్పుడు మచ్చల జ్వరము, అనగా మెదడు పొరలకు తగులు జ్వరము వచ్చి, ప్రాణము దక్కినను వినికిడి పోయెను. వినికిడి పోయిన కొలదికాలములోనే వచ్చిన కొద్ది మాటలును పోయెను. తండ్రి గొప్ప వైద్యుడే, గాని తన బిడ్డ చెవికి ఆయనయొద్ద మందు లేదు.

1814లో ఒకనాడు పెరటిలో పిల్లలు ఆడుకొనుచుండగా, తొమ్మిదేండ్ల ప్రాయపు ఆలిస్ వారిలో కలియలేక వేరుగా నుండుట గాలొడెట్ చూచెను. ఆయన దగ్గరకు పోయి తన టోపీ తీసి చూపి, ఒక పుల్లతో నేలమీద టోపీ అను మాటకు ఇంగ్లీషులో ఉన్న మూడక్షరములు వ్రాసెను. టోపీని చూపును, అక్షరములను చూపును. మరల టోపీ, మరల అక్షరములు. ఆ గీతలు ఆ వస్తువు పేరని ఆ పిల్లకు తోచుటకు కొంతసేపు పట్టెను. తోచిన తరువాత ఆమె ఊరుకొనలేదు. ఇంకొక వస్తువు, ఇంకొకటి అని వెంటబడెను. వినగల బిడ్డకు వస్తువులకు పేర్లున్నవని ఎవరును నేర్పరు; తల్లి ఒడిలోనే తెలిసిపోవును. ఆలిస్ తొమ్మిదేండ్లవరకు ఆ గుమ్మము బయటనే నిలిచియుండెను.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. వినుటవలన విశ్వాసము కలుగునని రోమా పత్రిక 10వ అధ్యాయములో పౌలు చెప్పిన దానిని పట్టుకొని, వినలేనివారికి సువార్త ఎట్లు చేరునని పూర్వము అనేక తరముల క్రైస్తవులు తికమకపడిరి. కొందరు వారిని బుద్ధిహీనులతో కలిపి లెక్కించిరి. గాని అదే బైబిలులో, జెకర్యా మూగవాడైనప్పుడు చుట్టపువారు ఆయనకు సైగలు చేసిరనియు, ఆయన పలకమీద యోహాను పేరు వ్రాసెననియు లూకా వ్రాసెను. సైగయు వ్రాతయు రెండును అక్కడ ఉన్నవి. గాలొడెట్‌కు నెమ్మది లేకుండ చేసినది ఇదియే. ఈ పిల్లకు దేవుడు అను మాట ఎవరు చెప్పుదురు? ఆమె ఆత్మ సంగతి ఏమి? ఆయన జీవితమంతయు ఈ ప్రశ్న వెంట నడచెను.

ఆ కాలమున అమెరికాలో చెవిటి పిల్లలకు నిలుకడగల బడి ఒక్కటియు లేదు. డబ్బు గలవారు సముద్రము దాటించి బ్రిటనుకు పంపుదురు. డాక్టరు కాగ్స్‌వెల్ అంతకుముందే, 1812 ప్రాంతమున, ఒక మంచి పని చేసియుండెను. తన రాష్ట్రములో ఆలిస్ వంటివారు ఎందరున్నారో తెలిసికొనుటకు సంఘ కాపరుల నడిగెను. కాపరులు తమ తమ ఊళ్లలో విచారించి లెక్క పంపగా, కనెక్టికట్‌లో 84 మంది తేలిరి. అంతకుముందు ప్రతి తల్లియు తన బిడ్డ ఒక్కడే అట్లున్నాడనుకొని ఉండును. ఈ లెక్క నాకు చాల నచ్చెను. మన పాస్టరేటులలో బాప్తిస్మముల రిజిస్టరున్నది, వివాహముల రిజిస్టరున్నది, కానుకల పుస్తకమున్నది. వినలేని బిడ్డల లెక్క ఏ వెస్ట్రీలో ఉన్నది?

1815 ఏప్రిల్ 13వ తేదీన ఆ వైద్యుని ఇంటిలో పట్టణపు పెద్దలు కొందరు కూడిరి. ఒకరిని ఐరోపాకు పంపి చెవిటివారికి బోధించు విధానము నేర్పించి తెప్పించవలెనని తీర్మానించిరి. ఖర్చునిమిత్తము చందా పట్టీ తిరుగగా ఒక్క దినములోనే 2,000 డాలర్లకు పైగా పలికెను. ఎవరిని పంపవలెను అన్నప్పుడు అందరి కన్నులు గాలొడెట్‌మీదనే పడెను. ఆయన వెంటనే సరే అనలేదు. బోధకుడు కావలెనని చదివినవాడు గదా. ఒక వారము ఆలోచించి, ప్రార్థించి, ఒప్పుకొనెను. మే నెలలో ఓడ ఎక్కెను.

ఇంగ్లండులో ఆయనకు ఎదురైనది నిరాశ. అక్కడ చెవిటి పిల్లల బడులు బ్రెయిడ్‌వుడ్ అను ఒక కుటుంబము చేతిలో నుండెను. వారి విధానము వారి సొత్తు. దానిని రహస్యముగా ఉంచి జీవించుచుండిరి. కొన్ని సంవత్సరములు మాయొద్ద పనిచేయుము, మా పద్ధతి ఇతరులకు చెప్పనని మాట ఇమ్ము అనిరి. ఎడింబరోలోని బడి పెద్ద మంచివాడే గాని, ఆయనయు ఎవరికిని నేర్పరానని ఆ కుటుంబమునకు పూచీకత్తు వ్రాసి ఇచ్చియుండెను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కొని తినా తిననివ్వదు అను మన సామెత ఆ పద్ధతికి సరిగా తగును. గాలొడెట్ రహస్యపు షరతుకు ఒప్పుకొనలేదు. చెవిటి బిడ్డల నోటికాడ కూటిని తాళములో పెట్టుట ఆయనకు సరిపడలేదు. నెలలు గడచెను, చందా డబ్బు కరిగిపోవుచుండెను.

దేవుని ఏర్పాటు మరియొక ప్రక్కనుండి వచ్చెను. పారిస్ నగరములో అబ్బే డి లెపే అను రోమను కతోలిక గురువు 1760 ప్రాంతమున ఒక బడి ప్రారంభించియుండెను. ఆయన ఇద్దరు చెవిటి అక్కచెల్లెండ్రను కలిసికొని, వారి చేతి సైగలనే పునాదిగా తీసికొని బోధించుట నేర్చుకొనెను. తన విధానమును దాచక, అడిగినవారికెల్ల ఉచితముగా నేర్పెను. ఆయన తరువాత ఆ బడికి పెద్దయైన అబ్బే సికార్ 1815లో తన చెవిటి శిష్యులైన మాస్యూ, క్లేర్ అనువారితో లండనుకు వచ్చి బహిరంగ సభలు జరుపుచుండెను. గాలొడెట్ ఆ సభకు పోయెను. సికార్ ఆయనను పారిస్‌కు రమ్మని పిలిచెను. 1816 వసంతకాలమున అక్కడికి పోయి రెండు నెలలపాటు తరగతులలో కూర్చుండి సైగల భాష నేర్చుకొనుచుండెను.

రెండు నెలలలో భాష వచ్చునా? రాలేదు. చేతిలో డబ్బును అయిపోవచ్చెను. అప్పుడు ఆయన చేసిన పని ఆయన జీవితములోకెల్ల తెలివైనది. నేనొక్కడనే నేర్చుకొనిపోయి బోధించెదను అనుకొనక, చెవిటి ఉపాధ్యాయుడైన లారెంట్ క్లేర్‌ను తనతో అమెరికాకు రమ్మని అడిగెను. క్లేర్ 1785లో ఫ్రాన్సుదేశపు ఒక పల్లెలో పుట్టెను. ఏడాది బిడ్డగా నుండగా కుర్చీలోనుండి పొయ్యిలో పడెను. చెంపమీద ఆ మచ్చ జీవితాంతము నిలిచెను. అది మొదలు అతనికి వినికిడి లేదని ఇంటివారు చెప్పుదురు. పండ్రెండేండ్లకు పారిస్ బడిలో చేరి అక్కడనే ఉపాధ్యాయుడాయెను. మూడేండ్ల ఒడంబడిక వ్రాసికొని, తల్లి వద్దన్నను బయలుదేరెను. అతడు కతోలికుడు, అతని మత విశ్వాసమునకు అడ్డు రాకూడదని ఒడంబడికలోనే వ్రాసికొనిరి. ప్రొటెస్టంటు బోధకుడును కతోలిక ఉపాధ్యాయుడును 1816 జూన్ 18న ఒకే ఓడ ఎక్కిరి. ఆ దినములలో అది చిన్న సంగతి కాదు.

ప్రయాణము 52 దినములు పట్టెను. ఓడలో క్లేర్ గాలొడెట్‌కు సైగలు నేర్పెను, గాలొడెట్ క్లేర్‌కు ఇంగ్లీషు నేర్పెను. ఆగస్టు 9న న్యూయార్కులో దిగునాటికి క్లేర్ ఇంగ్లీషులో దినచర్య వ్రాయునంతవాడాయెను. హార్ట్‌ఫర్డ్‌కు చేరగనే ఆలిస్‌ను చూచెను. ఇద్దరును ఎన్నడు ఎరుగనివారు, ఇద్దరిది వేర్వేరు దేశము, గాని చేతులతో మాట కలిసెను.

తరువాతి ఎనిమిది నెలలు చందాల ప్రయాణము. గాలొడెట్, క్లేర్, అప్పుడప్పుడు డాక్టరు కాగ్స్‌వెల్ కలిసి బోస్టను, న్యూయార్కు, ఆల్బనీ, ఫిలడెల్ఫియా మొదలైన ఊళ్లకు పోయిరి. క్లేర్ తన ఉపన్యాసమును వ్రాసి ఇచ్చును. గాలొడెట్ చదివి వినిపించును. తరువాత సభలోనివారు ప్రశ్నలు వ్రాసి పంపగా క్లేర్ అక్కడికక్కడే జవాబు వ్రాసి చూపును. చెవిటివాడు బుద్ధిహీనుడని అంతవరకు నమ్మినవారు ఆ జవాబులు చదివి సంచి విప్పిరి. చందాలు ఎత్తువారు నేటికిని ఇది గమనింపవలెను. వారు ఒక దీనుని చూపించి కన్నీళ్లు తెప్పింపలేదు. చదువుకొన్న చెవిటివానిని నిలువబెట్టి, మీ బిడ్డలును ఇట్లు కాగలరని చూపిరి. 1816 అక్టోబరులో కనెక్టికట్ శాసనసభ 5,000 డాలర్లు మంజూరు చేసెను. ప్రజల చందాలతో కలిపి మొత్తము 17,000 డాలర్ల వరకు వచ్చెను.

1817 ఏప్రిల్ 15వ తేదీన హార్ట్‌ఫర్డ్‌లో ఒక హోటలు గదులు అద్దెకు తీసికొని బడి తెరచిరి. పిల్లలు ఏడుగురు. మొదటి పేరు ఆలిస్‌ది. పిల్లలని అంటిని గాని ఆ తొలి తరగతిలో జాన్ బ్రూస్టర్ అను చిత్రకారుడు కూడ నుండెను. ఆయనకు యేబదియొక్క యేండ్లు! చెవిటివాడైనను మనుష్యుల పటములు వ్రాసి జీవించుచుండినవాడు. ఆ వయసులో పలకపట్టి పిల్లల ప్రక్కన కూర్చుండెను. సంవత్సరము తిరుగకముందే ఆ ఏడుగురు ముప్పదిమందికి చేరిరి. పేద బిడ్డల ఫీజు ఇతర రాష్ట్రముల ప్రభుత్వములు చెల్లింపసాగెను. 1819లో అమెరికా కాంగ్రెసు బడి పోషణకు అలబామాలో 23,000 ఎకరముల భూమి ఇచ్చెను. సంఘస్థుల చందాతో మొదలైన దానికి ప్రభుత్వము చెయ్యి అందించెనుగాని, ప్రభుత్వము వచ్చువరకు వారు కాచుకొని కూర్చుండలేదు.

ఇచ్చట కొంచెము ఆగి మన సంగతి చూతము.

నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు స్టేషనులలో మన మిషను దొరలు బడులు పెట్టి, మన పెద్దలకు అక్షరములు నేర్పిరి. వినగల బిడ్డలకు అది వెలుగు. వినలేని బిడ్డ ఆ బడి గోడ ప్రక్కన గొఱ్ఱెలు కాచుచుండెను. దక్షిణమున తిరునల్వేలి దగ్గర పాళయంకోటలో ఫ్లారెన్స్ స్వెయిన్సన్ అను మిషనరీ దొరసాని 19వ శతాబ్దపు చివరి యేండ్లలో చెవిటి పిల్లలకు బడి పెట్టెను; ఆమె పేరుతో అది నేటికిని ఉన్నది. మన ప్రాంతమున మాత్రము, సిరివెళ్ల కానిమ్ము, రుద్రవరము కానిమ్ము, చాగలమర్రి కానిమ్ము, వినలేని బిడ్డను మూగోడు అనియే పిలుచుచున్నాము. తల్లి పెట్టిన పేరు వాడు ఎన్నడు వినలేదు; మనము పలుకుటయు మానితిమి. చెవిటివాని ముందు శంఖము ఊదినట్లు అని సామెత చెప్పి నవ్వుదుము. చెవిటివానిని తిట్టకూడదని లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను. వాడు వినడు గదా, తిట్టిననేమి అనువారికొరకే ఆ ఆజ్ఞ వ్రాయబడెను.

గాలొడెట్ కాలమున చెవికి పెట్టు యంత్రము లేదు. కొమ్మువంటి గొట్టములు మాత్రమే యుండెను. నేడు చెవి మిషనున్నది. అది చచ్చిన చెవిని బ్రతికింపదు. బిడ్డకు మిగిలియున్న కొద్ది వినికిడికి శబ్దమును పెంచి అందించును. అందుచేత ఎంత చిన్నతనమున పెట్టిన అంత మేలు. మాటలు పట్టుకొను వయసు మొదటి మూడు నాలుగేండ్లే. ఆరు నెలల బిడ్డ తల్లి గొంతు విని తల త్రిప్పకున్నను, పళ్లెము క్రింద పడినను ఉలికిపడకున్నను, ఏడాది దాటినను ఒక్క మాట రాకున్నను, మా తాతకును మాటలు ఆలస్యముగా వచ్చినవి అని కూర్చుండవద్దు. పెద్దాసుపత్రిలో చెవి వైద్యునికి చూపవలెను. చీము కారు చెవిలో కాచిన నూనె పోయవద్దు, పుల్ల పెట్టవద్దు. తట్టు, రుబెల్లా టీకాలు తప్పింపవద్దు; గర్భిణికి రుబెల్లా సోకిన కడుపులోని బిడ్డ చెవి చెడును. మేనరికపు పెండ్లిండ్ల సంగతి చెప్పిన కొందరికి కోపము వచ్చును, అయినను చెప్పుచున్నాను: దగ్గర రక్తములో కలిసిన కుటుంబములలో పుట్టు చెవుడు ఎక్కువ.

సదరం సర్టిఫికెట్టు ఉన్న పేద బిడ్డలకు ప్రభుత్వ పథకములలో మిషను ఉచితముగా దొరకును. బొత్తిగా వినబడని పసిబిడ్డకు శస్త్రచికిత్సచేసి లోపలి చెవిలో పరికరమమర్చుటయు ప్రభుత్వ వైద్య సేవలోనికి వచ్చినది. మరి చందాలతో పని ఏమి అందురా? మిషను వచ్చును, బ్యాటరీ అయిపోవును. బిడ్డ పెరుగును, చెవిలో అమర్చు అచ్చు ఇరుకై కూత పెట్టును, బిడ్డ దానిని పీకి పారవేయును. కొత్త అచ్చుకు, మాట నేర్పువారియొద్దకు వారము వారము పోవుటకు, బస్సు ఛార్జీకి, ఆ దినపు కూలి పోయినందుకు ప్రభుత్వ కాగితములో గడి లేదు. ట్రంకుపెట్టెలో గుడ్డలో చుట్టి దాచిన చెవి మిషనులు నేను చూచితిని. బిడ్డ పాడుచేయునని దాచిరట! స్త్రీల సమాజము వారు వంటకు ముందు తీయు గుప్పెడు బియ్యములోనుండి, కోతపండుగ వేలములోనుండి ఒక భాగమును ఒక్క బిడ్డ బ్యాటరీలకు ఏడాది పొడుగున కట్టిపెట్టిన చాలును. మాకెదోనియ సంఘములు తమ నిరుపేదతనములోనే యెరూషలేము పరిశుద్ధులకు చందా పంపిన సంగతి రెండవ కొరింథీ 8వ అధ్యాయములో చదువుడి. పౌలు దానికి లెక్క చూపుటకు మనుష్యులను ఏర్పరచెను. మనమును లెక్క వ్రాసి సంఘము ముందు చదువవలెను.

మిషను పెట్టినంతమాత్రమున సైగలు మానిపింపవలెనా అను వాదమొకటి ఉన్నది. 1880లో మిలాను నగరములో కూడిన ఉపాధ్యాయుల మహాసభ చెవిటి పిల్లలకు నోటిమాటే నేర్పవలెను, సైగలు కూడవని తీర్మానించెను. వినగలవారే ఎక్కువగా కూడి చేసిన తీర్మానమది. దానిచేత అనేక దేశములలో పిల్లల చేతులు కట్టివేయబడెను. నాకు తోచినంతవరకు, వినిపించునంత వినిపింపవలెను, మిగిలినది చేతితో చెప్పవలెను. ప్రభువు రెండును చేసెను.

గాలొడెట్ గారి కథకు మరల వత్తము. ఆయన తన శిష్యురాలైన సోఫియా ఫౌలర్‌ను 1821లో వివాహమాడెను. ఆమె పుట్టు చెవిటిది. పంతొమ్మిదేండ్ల వయసులో, 1817లో, ఆ బడిలో చేరి మొదటి అక్షరము దిద్దెను. దేవుడు వారికి ఎనిమిది మంది బిడ్డలనిచ్చెను. బోధకుడు చెవిటి పిల్లను చేసికొనెనని అప్పుడును చెవులు కొరుక్కొన్నవారు ఉండియుందురు. ఆ ఇంటిలో పిల్లలు మొదట తల్లి చేతుల భాషయే నేర్చుకొనిరి.

పదమూడేండ్లు బడి నడిపి, ఆరోగ్యము చెడుటచేతను, పాలకవర్గముతో భేదాభిప్రాయములు కలుగుటచేతను 1830లో పని విడిచెను. అంత మంచి పనిలోను కమిటీ తగవులుండెను. మన కమిటీలు ఎరిగినవారికి ఇది వింత కాదు. ఆ సంవత్సరాంతమున డాక్టరు కాగ్స్‌వెల్ మరణించెను. తండ్రి పోయిన రెండు వారములలోపలనే, డిసెంబరు 30వ తేదీన, ఆలిస్ కూడ కన్ను మూసెను. ఆమెకు ఇరువదియైదేండ్లు. ఆ తండ్రికిని బిడ్డకును నడుమ ఎట్టి బంధముండెనో ఊహించుకొనవచ్చును. ఆమె తొమ్మిదేండ్లవరకు లోకములో ఆమె మాట గ్రహించినవారు ఆ ఇంటివారు మాత్రమే గదా.

తరువాత గాలొడెట్ పిల్లలకొరకు పుస్తకములు వ్రాసెను. ఆత్మనుగూర్చి చిన్నపిల్లలకు అర్థమగునట్లు ఆయన వ్రాసిన పుస్తకము 1831లో వెలువడి అనేక భాషలలోనికి పోయెను. ఆలిస్‌కు దేవుని సంగతి ఎట్లు చెప్పుదునని వేధించిన ప్రశ్నయే ఆ పుస్తకమునకు తల్లియని నా ఊహ. అంతకుముందు 1828లో, ఆఫ్రికాలో రాజకుమారుడై పుట్టి అమెరికాలో నలుబదియేండ్లు బానిసగా బ్రదికిన అబ్దుల్ రహమాను అను వృద్ధుని బిడ్డలను విడిపించుటకు చందాలు పోగుచేయుటలో సహాయపడెను. 1838 మొదలు హార్ట్‌ఫర్డ్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో చాప్లెయినుగా పనిచేసెను. మతి చెదిరినవారి ప్రక్కన కూర్చుండి ప్రార్థించుట పదమూడేండ్లు ఆయన పని. చెవిటివారి నుండి పిచ్చివారి యొద్దకు పోయెననవచ్చును. ఎవరు వినని వారిని వెదకుకొని పోయెననియు అనవచ్చును. 1851 సెప్టెంబరు 10న హార్ట్‌ఫర్డ్‌లోనే మరణించెను.

మూడేండ్లకని వచ్చిన లారెంట్ క్లేర్ అమెరికాను విడువలేదు. యేబదియేండ్లకు పైగా అక్కడనే జీవించి, శిష్యురాలినే పెండ్లాడి, ఇతర రాష్ట్రములలో బడులు పెట్టు ఉపాధ్యాయులను తయారుచేసి, 1869లో మరణించెను. గాలొడెట్ పెద్ద కుమారుడు థామస్ ఎపిస్కోపల్ సంఘములో గురువై 1852లో న్యూయార్కు నగరమున చెవిటివారి కొరకు సెయింట్ ఆన్స్ సంఘము స్థాపించెను. అచ్చట ఆరాధన చేతులతో జరిగెను.

వాషింగ్టన్‌లోని విశ్వవిద్యాలయపు ముందు 1889లో నిలిపిన కంచు విగ్రహమొకటి ఉన్నది. దానిని మలచిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ గారే తరువాతి కాలమున ఆ నగరములోని ప్రసిద్ధమైన లింకన్ విగ్రహమును మలచెను. గాలొడెట్ కుర్చీలో కూర్చుండియున్నాడు, ఆలిస్ ఆయనకు ఆనుకొని నిలిచియున్నది, ఇద్దరి చేతులును ఇంగ్లీషు మొదటి అక్షరపు సైగలో ఉన్నవి. మన ఆళ్లగడ్డ శిల్పులు దాని పటము చూచినయెడల ఆ చిన్న పిడికిలివద్దనే ఎక్కువసేపు నిలుతురు. ముఖము చెక్కుటకంటె చెయ్యి చెక్కుట కష్టము గదా.

ఆ విశ్వవిద్యాలయము మొదట ఎట్లుండెనో చెప్పి ముగింతును. 1857లో ఏమస్ కెండాల్ అను ధనవంతుడు ఇచ్చిన స్థలములో, కొద్దిమంది చెవిటి, గ్రుడ్డి బిడ్డలతో ఒక చిన్న బడి మొదలాయెను. దానికి పెద్దగా గాలొడెట్ కడగొట్టు కుమారుడైన ఎడ్వర్డును పిలిచిరి. అతనికి ఇరువదియేండ్లు. అంత పిన్నవానికి పిల్లల నెట్లు అప్పగింతుమని సందేహము రాగా, తల్లి సోఫియా తోడు వచ్చెను. అప్పటికి ఆమె విధవ, యేబదితొమ్మిదేండ్లది. బడికి మేట్రనై, వచ్చిన కాంగ్రెసు సభ్యులతో సైగలలో మాటలాడుచు, కొడుకు ఆ సైగలను నోటిమాటగా తిప్పి చెప్పగా, బిడ్డలకొరకు అడిగెను. 1864లో అబ్రహాము లింకన్ సంతకముతో ఆ బడికి కళాశాల పట్టము లిచ్చు హక్కు కలిగెను. సోఫియా 1866 వరకు ఆ బిడ్డల కూడు, పడకలు, జ్వరములు చూచుకొని, 1877 మే 13వ తేదీన మరణించెను.